గాలివానలు - ఇంటి బీమా

తుపాను అనగానే సముద్రతీరపు జిల్లాలే మనకు స్ఫురించును. తీరమునకు ఎంతో దూరమున, అడవి ప్రక్కన నున్న ఇందల్వాయికి ఆ మాట పరాయిదిగా తోచవచ్చును. కాని ఇంటికప్పు లేచిపోవుటకు తుపానే రానక్కరలేదు. ఎండకాలమున ఒక సాయంకాలము మబ్బు క్రమ్మి వీచు ఈదురుగాలి చాలును. ఇక వరద మాట చెప్పనేల? 2023 జూలైలో మన జిల్లాలోని వేల్పూరులో ఒక్క దినమున 46 సెంటీమీటర్ల వర్షము కురిసినది. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదక్, నిజామాబాదు జిల్లాలలో అనేక గృహములలోనికి నీరు వచ్చినది.

అట్టి దినములలో పంచాయతీ సభ్యుని కలిసినవారు మొదట అడుగునది “సర్కారు ఎంత ఇస్తది?” అనియే. 2022-26 సంవత్సరములకు నిర్ణయించిన కేంద్ర సహాయ నిబంధనల ప్రకారము, మైదాన ప్రాంతమున పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. కనీసము 15 శాతము దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000 రూపాయలు. గాలివానలో తరచు కలుగునది ఈ రెండవ రకపు నష్టమే. ఇరువది రేకులు ఎగిరిపోయి, ఒక గోడ కూలిన గృహస్థునకు 6,500 రూపాయలు ఏ మూలకు? ఇది తక్షణ సహాయమే గాని నష్టపరిహారము కాదు. తక్కినది అప్పుచేసి తేవలసినదే.

ఆ అప్పు తప్పించునది బీమా. 2021 ఏప్రిల్ 1 నుండి ‘భారత్ గృహ రక్ష’ అను ఒకే నమూనా పాలసీని బీమా నియంత్రణ సంస్థ అమలులోనికి తెచ్చినది. అగ్ని, పిడుగు, గాలివాన, వరద, భూకంపము, చెట్టు విరిగి పడుట - ఇవి అన్నియు ఇందులో చేరియున్నవి. అమెరికాలో సామాన్యపు ఇంటి బీమాలో వరద చేరదు. దానికి వేరుగా పాలసీ కొనవలెను. మనకు ఆ చిక్కు లేదు. ప్రహరీగోడ, నీళ్ళతొట్టి కూడ ఇంటిలో భాగమే. ప్రమాదము జరిగిన ఏడు దినములలోపల తత్కారణమున సామాను దొంగిలింపబడినను పరిహారము లభించును. అయితే పుచ్చిన దూలము తనంతట విరిగిన యెడల కంపెనీ బాధ్యత వహింపదు. అమ్మకమునకు ఇంటిలో నిలువచేసిన పసుపు బస్తాలు ఇంటి సామాను క్రిందికి రావు. ఈ ప్రాంతపు రైతులు దీనిని ముఖ్యముగా గమనింపవలెను.

ఖర్చు మాటకు వత్తము. బీమా చేయవలసినది తిరిగి కట్టుటకగు వ్యయమునకే గాని స్థలము విలువకు కాదు. గోడల నడుమ వైశాల్యము 1,000 చదరపుటడుగులు, అడుగునకు కట్టుబడి 1,500 రూపాయలు అనుకొన్నచో బీమా మొత్తము 15 లక్షలు. ప్రీమియమును వేయి రూపాయలకు ఇంత అని కట్టుదురు. ఆ రేటు కంపెనీనిబట్టి, కప్పునుబట్టి మారును, గడ్డికప్పునకు ఎక్కువ. లెక్క తెలియుటకు వేయికి 50 పైసలని తీసికొందము. అప్పుడు సాలుకు 750 రూపాయలు. 18 శాతము పన్నుతో 885 రూపాయలు. ఇంటికి పాలసీ తీసికొన్నవారికి సామానుకు గూడ అందులో 20 శాతము వరకు, గరిష్ఠముగా 10 లక్షల వరకు, రక్షణ కలదు.

పూర్వపు పాలసీలలో సగము విలువకు బీమా చేసినవానికి నష్టములో గూడ సగమే వచ్చెడిది. ఇందులో ఆ కోత లేదు. కాని వైశాల్యమును ఉన్నదున్నట్లు చెప్పవలెను. నాలుగు రూపాయలు మిగులునని తగ్గించి వ్రాయించుట తెలివి గాదు.

పంచాయతీ చేయగల సాయము చిన్నదేమియు కాదు. ఇంటి నెంబరు, పన్ను రసీదు, యజమాని పేరు సరిగా నుండిననే కంపెనీవారి ప్రశ్నలకు జవాబు దొరకును. మరణించిన తండ్రి పేరనే నడచుచున్న ఇండ్లను ముందుగా సవరింపవలెను. గాలివాన వెలసిన పిదప కంపెనీకి వెంటనే తెలుపవలెను. నష్టము గమనించిన 30 దినములలోపల క్లెయిము దాఖలు చేయవలెను. ఫొటోలు తీయకమునుపు, సర్వేయరు చూడకమునుపు విరిగిన రేకులను పాత ఇనుము వానికి తూచి ఇవ్వరాదు. కంపెనీ నెలలోపల బదులీయకున్నను, ఇచ్చిన బదులు న్యాయముగా లేకున్నను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసికొనవచ్చును. దానికి రుసుము లేదు.

బ్యాంకు ఋణముతో ఇల్లు కట్టినవారిని మరియొక సంగతి అడిగి చూడుడు. కొన్ని యెడల బ్యాంకే బీమా చేయించి ప్రీమియమును ఖాతానుండి తీసికొనుచుండును; ఇంటివారికి ఆ సంగతియే తెలియదు. పాసుపుస్తకములో అట్టి పద్దు కనబడినచో పాలసీ నకలు అడిగి తెచ్చుకొనవలెను.