అడ్డదారి పట్టే ముందు తెలుసుకోవలసినవి



తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2017లో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చినప్పుడు నడక పరీక్ష కూడా పెట్టింది. పురుషులు 25 కిలోమీటర్లు, స్త్రీలు 16 కిలోమీటర్లు 4 గంటల్లో నడవాలి. అంటే పురుషులు ఒక్కో కిలోమీటరును 9 నిమిషాల 36 సెకన్లలో దాటాలి. పోలీసు ఉద్యోగాలకు పరుగు పరీక్ష ఉండనే ఉంది. అందుకే మన హాస్టళ్ళలో తెల్లవారకముందే లేచి పరుగెత్తేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. స్టేడియం లేని మనకు ఘట్‌కేసర్ చుట్టుపక్కల చెలకలు, బండ్ల బాటలు, చెరువు కట్టలే మైదానం.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. వెళ్ళేటప్పుడు అందరం తెలిసిన బాటనే వెళ్తాం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం టిఫిన్ టైము, కాలేజీ బస్సు గుర్తుకొస్తాయి. "ఇటు నుంచి కొడితే తొందరగా చేరతాం" అని ఎవరో ఒకరు అంటారు. అడ్డదారి తప్పేమీ కాదు. మన అమ్మానాన్నలు పొలం గట్ల మీదుగానే కూలికి, సంతకు వెళ్ళారు. అయితే వాళ్ళ ఊళ్ళో ప్రతి గట్టుకూ, ప్రతి కుంటకూ ఒక పేరుండేది, ఎదురైన ప్రతి మనిషీ తెలిసినవాడే. మనం వేరే జిల్లాల నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాం. వాళ్ళకు పుట్టుకతో వచ్చిన తెలివిని మనం ఒక పాఠంలాగా నేర్చుకోవాలి.

దారి ఎందుకు తప్పుతాం?

నేరుగా నడుస్తున్నామని మనసు చెబుతుంది, కాళ్ళు మాత్రం వంకర పోతాయి. 2009లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్త యాన్ సౌమన్, ఆయన బృందం దీనిని పరీక్షించి చూశారు. కొందరిని ఒక పెద్ద అడవిలో నేరుగా నడవమన్నారు. ఎండ ఉన్న రోజు నడిచినవాళ్ళు దాదాపు సూటిగా వెళ్ళారు. మబ్బు పట్టిన రోజు నడిచినవాళ్ళు గుండ్రంగా తిరిగి, తాము నడిచిన చోటునే మళ్ళీ దాటారు. ఆ సంగతి వాళ్ళకు తెలియనే లేదు. కళ్ళకు గంతలు కడితే కొందరు 20 మీటర్ల వలయంలోనే తిరిగారు. ఒక కాలు పొడవు, ఒక కాలు పొట్టి కావడం వల్ల ఇలా జరుగుతుందన్న నమ్మకం నిజం కాదని కూడా తేలింది. బయట గుర్తు ఏదీ లేకపోతే మన లెక్కలోని చిన్న చిన్న పొరపాట్లు పోగుపడి మనల్ని తిప్పేస్తాయి.

మన వైపు ఇంకో ఇబ్బంది ఉంది. పాత చెలకలన్నీ వెంచర్లయ్యాయి. ఎక్కడ చూసినా అవే మట్టి రోడ్లు, అవే ప్లాట్ల రాళ్ళు. కొన్ని రోడ్లు నేరుగా పోయి ప్రహరీ గోడ దగ్గర ఆగిపోతాయి.

చుట్టూ ఉన్న గీతలు

మేము కొందరం మిత్రులం ఈ వైపు పరుగెత్తుతూ అలవాటు చేసుకున్న మొదటి సూత్రం ఇది: అడ్డదారిలో ఒక చుక్కను నమ్ముకుని పోకూడదు, ఒక గీతను నమ్ముకుని పోవాలి. గుడి, బస్ స్టాప్, హాస్టల్ ఇవన్నీ చుక్కలు. కొంచెం పక్కకు పోతే తప్పిపోతాయి. రోడ్డు, రైలు పట్టాలు, నది గీతలు. అడ్డంగా పోతే ఎక్కడో ఒకచోట తగలక మానవు.

ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ వరకు ఈ గీతలను గుర్తుంచుకోండి. మధ్యలో బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి, అన్నోజిగూడల మీదుగా వరంగల్ రోడ్డు ఉంది. దాని పాత నెంబరు 202, ఇప్పుడు 163. దానికి ఉత్తరాన మౌలాలి, చర్లపల్లి మీదుగా ఘట్‌కేసర్ వచ్చే కాజీపేట రైలు మార్గం. దక్షిణాన ప్రతాపసింగారం వైపు మూసీ. పోచారం దాటాక ఉత్తర దక్షిణాలుగా ఔటర్ రింగు రోడ్డు. నారపల్లి, పోచారాల మధ్య రోడ్డుకు ఉత్తరాన ఉన్న చెలకల్లో దారి తోచకపోతే, దక్షిణానికి నడిస్తే వరంగల్ రోడ్డు తగులుతుంది.

గీత కనిపించింది కదా అని దాని మీద ఎక్కవద్దు. పట్టాల మీద నడవడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం, అంతకుమించి ప్రాణాలకు ముప్పు. ఔటర్ మీదికి పాదచారులను అనుమతించరు. దాని కింది దారుల గుండానే దాటాలి. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా పోకూడదు.

పాటించవలసినవి

1. కావాలనే కొంచెం పక్కకు గురిపెట్టండి. దిశలో 10 డిగ్రీలు తేడా వస్తే కిలోమీటరుకు దాదాపు 175 మీటర్లు పక్కకు పోతాం. ఉత్తరం నుంచి అన్నోజిగూడ స్టాప్‌కు రావాలంటే స్టాప్‌కు కాస్త పడమరగా గురిపెట్టాలి. రోడ్డు తగలగానే ఎడమకు తిరిగితే స్టాప్ వస్తుంది. సూటిగా స్టాప్‌కే గురిపెడితే, అది కుడివైపుందో ఎడమవైపుందో తెలియక నిలబడిపోతాం.

2. సూర్యుణ్ణి చూడండి. ఉదయం సూర్యునికి ఎదురుగా నిలబడితే ఎడమచేయి ఉత్తరం, కుడిచేయి దక్షిణం. మన ప్రాంతంలో సూర్యోదయం డిసెంబరులో తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా, జూన్‌లో అంతే ఉత్తరంగా జరుగుతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు కాబట్టి అప్పుడు ఈ లెక్క పనికిరాదు.

3. ప్రతి మలుపులోనూ ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. వెళ్ళేటప్పుడు కనిపించిన బాట వచ్చేటప్పుడు వేరుగా ఉంటుంది.

4. బయలుదేరే ముందే గడువు పెట్టుకోండి. "15 నిమిషాల్లో రోడ్డు తగలకపోతే వచ్చిన దారినే వెనక్కి" అని అందరూ ఒప్పుకోవాలి. అలసిపోయాక ఆ నిర్ణయం తీసుకోవడం కష్టం.

5. విడిపోవద్దు. వెనకబడినవాడి వేగమే అందరి వేగం.

6. చీకట్లో, మబ్బులో, వాన వెలిసిన వెంటనే కొత్త అడ్డదారి పట్టవద్దు. గట్టు లేని వ్యవసాయ బావులు, నీళ్ళు నిండిన పాత క్వారీ గుంతలు, అడవి పందుల కోసం పెట్టిన కరెంటు తీగలు చీకట్లో కనిపించవు.

తప్పిపోతే?

ముందు ఆగాలి. 1994లో మొరాకో ఎడారి పరుగు పందెంలో ఇటలీకి చెందిన మౌరో ప్రోస్పెరి ఇసుక తుఫానులో ఆగకుండా ముందుకే పోయాడు. రోజుల తరబడి తిరిగి చివరకు పక్క దేశమైన అల్జీరియాలో తేలాడు. దారి తెలియనప్పుడు వేగం పెంచితే తప్పు కూడా అంతే వేగంగా పెరుగుతుంది. ఆగి, నీళ్ళు తాగి, చివరిసారి కచ్చితంగా గుర్తుపట్టిన చోటు ఏదో అందరూ చెప్పుకుని, అక్కడికే తిరిగి వెళ్ళాలి. గొర్రెల కాపరి, పొలం పని చేసే అక్క, వాచ్‌మన్ తాత ఎవరు కనిపించినా అడగండి. "ఘట్‌కేసర్ ఎటు?" అని కాకుండా "మెయిన్ రోడ్డు ఎటు?" అని అడిగితే సులువుగా చెబుతారు. ఎవరికైనా దెబ్బ తగిలితే 112కు ఫోన్ చేయండి.

పరుగుకు పోయే ముందు ఎటు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు వస్తారో ఒక కాగితం మీద రాసి రూమ్‌మేట్ చేతిలో పెట్టండి. ఎక్కడ వెతకాలో తెలిస్తే వార్డెన్ గారికి, మిత్రులకు సగం పని తప్పుతుంది. హాస్టల్లో పిల్లలు క్షేమంగా ఉన్నారనే ధైర్యంతోనే ఊళ్ళో మనవాళ్ళు రాత్రి నిద్రపోతున్నారు.

నడక పరీక్షలో అడ్డదారి ఉండదు, గీసిన దారినే నడవాలి. కానీ ఉద్యోగం వచ్చాక బీట్ ఆఫీసర్ తిరిగేది రోడ్డు లేని అడవిలోనే. అక్కడ అవసరమయ్యే ఈ విద్యను ఇక్కడి చెలకల్లోనే నేర్చుకోవచ్చు. ఈ ఏడు సాధన చేస్తున్న మీ అందరికీ విజయం కలగాలని మా కోరిక.