డెంగ్యూ మందు – కంప్యూటరు – పంచాయతీ బాధ్యత

కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములు ప్రధానముగా మెట్ట భూములు. తుంగభద్ర దిగువ కాలువ నీరు కొన్ని గ్రామములకు అందుచున్నను, త్రాగునీటికై అనేక గ్రామములవారు కొళాయి వంతుకు ఎదురుచూడవలసియే యున్నది. వంతు వచ్చిన నాడు గాబులు, తొట్లు, డ్రమ్ములు, బిందెలు నింపి దాచుకొనుట ఇచ్చటి గృహిణులకు తప్పనిసరి. ఇట్లు దాచిన మంచినీరే డెంగ్యూ, చికున్‌గున్యా జ్వరములను వ్యాపింపజేయు ఏడిస్ దోమకు పుట్టినిల్లు.

ఈ జ్వరములు మనకు క్రొత్తవి కావు. 2005 డిసెంబరులో చికున్‌గున్యా మన దేశమున తిరిగి తలయెత్తినపుడు మొదట బయటపడినది ఆంధ్రప్రదేశ్‌లోనే. 2006లో దేశమంతట సుమారు 14 లక్షల అనుమానిత రోగులు లెక్కకు వచ్చిరి. నెలల తరబడి కీళ్ళనొప్పులతో కూలికి పోలేక బాధపడిన కుటుంబములు రాయలసీమలో అనేకము.

ఇటీవలి కాలమున "కంప్యూటరు సాయముతో డెంగ్యూకు మందు కనుగొన్నారు" అను వార్తలు అప్పుడప్పుడు వినవచ్చుచున్నవి. అట్టి వార్త విన్న గ్రామస్థుడు, "మందు వచ్చినదట గదా, ఇక గాబులు తోముట యెందుకు?" అని పంచాయతీ సభ్యుని అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుటకు కావలసిన విషయము ఈ పాఠమున ఇవ్వబడినది.

వెనుకటి పద్ధతి

మందు కనుగొనుట అనగా, రోగకారకమును దెబ్బతీయుచు మనిషికి హాని చేయని పదార్థమును వెదకుట. ఈ విద్యలో మన తెలుగువాడు జగత్ప్రసిద్ధుడు. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలను నడిపెను. అచ్చటనే 1947లో బోదకాలు మందు డైఇథైల్ కార్బమజీన్ వెలువడెను. అనేక రసాయనములను ఒక్కొక్కటిగా జంతువులపై పరీక్షించి దానిని ఎన్నుకొనిరి. నేటికిని బోదకాలు నివారణకు ప్రభుత్వము ఇంటింట పంచు మాత్రలలో అది యున్నది.

బోదకాలు కూడ దోమవలననే వ్యాపించును గాని, దానికి కారణము సూక్ష్మమైన పురుగు. డెంగ్యూకు కారణము వైరస్. అది మన శరీర కణములో దూరి, ఆ కణముచేతనే తన పని చేయించుకొనును. కణమునకు హాని లేకుండ వైరస్‌ను మాత్రమే ఆపు పదార్థము దొరకుట మిక్కిలి కష్టము. పరీక్షింపదగిన రసాయనములు లక్షలు, కోట్లు. అన్నిటిని ఒక్కొక్కటిగా పరీక్షించుటకు కాలము చాలదు, ధనము చాలదు. కంప్యూటరు ఇచ్చటనే అక్కరకు వచ్చినది.

కంప్యూటరు చేయు పని

ఎమ్మిగనూరు నేతగాడు మగ్గముపై ఏకముగా నేసిన బట్టను తరువాత కత్తిరించి చీరలుగా విడదీయును. డెంగ్యూ వైరస్ పనియు కొంతవరకు అట్టిదే. అది మొదట ఒకే పొడవైన మాంసకృత్తు గొలుసును తయారుచేయించి, పిమ్మట దానిని పది భాగములుగా కోయించును. ఈ కోతలలో పెక్కింటిని వైరస్ యొక్క ఎంజైము ఒకటి కత్తెరవలె చేయును. ఆ కత్తెర సందులో ఏదైన చిన్న పదార్థము ఇరికించినచో కోత ఆగును. కోత ఆగిన వైరస్ పెరుగదు.

కత్తెర ఆకారము తెలిసిననే గదా సందులో పట్టు వస్తువును వెదకగలుగుట! మాంసకృత్తుల ఆకారములను ఎక్సు-కిరణముల సాయముతో గుర్తింతురు. ఆ గొలుసు ఏ విధముగ వంగగలదో, ఏ విధముగ వంగజాలదో తెలుపు పటమును 1963లో మదరాసులో జి.యన్. రామచంద్రన్, ఆయన సహచరులు ప్రకటించిరి. ఆకారముల సరితనమును పరీక్షించుటకు ప్రపంచమంతట నేటికిని ఆ పటమునే వాడుచున్నారు. గొలుసు కూర్పును బట్టియే ఆకారమును ఊహించు కంప్యూటరు పద్ధతిని రూపొందించినవారికి 2024లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ ఆకారమును కంప్యూటరులో నిలిపి, ఒక్కొక్క రసాయనమును సందులో అమర్చి చూచి, ఎంత గట్టిగా పట్టునో లెక్కకట్టి వరుసక్రమమున పేర్చెదరు. 2007లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు డెంగ్యూ మందుకై ఈ పని తలపెట్టినపుడు, పలు దేశముల ప్రజలు తమ యింటి కంప్యూటర్లు ఖాళీగా ఉన్న సమయమును ఉచితముగ ఇచ్చి లెక్కలు చేయించిరి. ఇది ఒక విధమగు శ్రమదానమే.

ఈ మార్గము వట్టి ఊహ కాదు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఎంజైము ఆకారమును చూచి ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు రూపొందించిన జనామివిర్ అను మందు 1999లో వాడుకలోనికి వచ్చినది.

ఎంపిక వేరు, రుజువు వేరు

ఆదోని మార్కెట్ యార్డులో వ్యాపారి పత్తిని చేతితో లాగి, పింజ చూచి ధర చెప్పును. కాని జిన్నింగు అయిన పిమ్మటగాని దూది ఎంత దిగినది తేలదు. కంప్యూటరు ఎంపికయు అట్టిదే. లెక్కలో చక్కగా పట్టిన పదార్థము గాజు పాత్రలో పనిచేయకపోవచ్చును. గాజు పాత్రలో పనిచేసినది మనిషిలో విఫలము కావచ్చును. పైగా డెంగ్యూ వైరస్ నాలుగు రకములు; మందు నాలుగింటికిని పనికిరావలెను. ఆ ఎంజైము సందు లోతు తక్కువ. మందు నిలిచి పట్టుకొనుట కష్టము.

బాలాపిరవిర్ అను మందు ప్రయోగశాలలో ఆశ కల్పించెను. కాని వియత్నాం రోగులకు ఇచ్చి చూడగా రక్తములో వైరస్ తగ్గలేదని 2013లో ప్రకటింపబడెను. ప్రయోగశాలలో వేలకొలది పదార్థములను వడకట్టి సాధించిన మోస్నోడెన్‌విర్ అను మరియొక మందు మనుష్యులపై పరీక్షలవరకు వచ్చెను. కాని కంపెనీ తన ప్రాధాన్యములను మార్చుకొని 2024 అక్టోబరులో ఆ పరీక్షను నిలిపివేసెను. నేటికిని డెంగ్యూ వైరస్‌ను చంపు ప్రత్యేకమైన మందు వైద్యుల చేతికి రాలేదు.

కావున "మందు దొరకినది" అను వార్త వినినపుడు సభ్యులు మూడు ప్రశ్నలు వేయవలెను. ఇది కంప్యూటరు లెక్క మాత్రమేనా? జంతువులపై పరీక్ష జరిగినదా? రోగులకు ఇచ్చి, గుణము చూచి, ప్రభుత్వము అనుమతించినదా? మూడవదానికి "అవును" అను సమాధానము లేనిచో, ఆ పేరుతో గ్రామమున ఎవరు ఏది అమ్మినను కొనవద్దని ప్రజలకు చెప్పవలెను.

పరిశోధనకు పల్లెల తోడ్పాటు

మందుల పరిశోధన నగరములలోని యంత్రములతోనే ముగియదు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ మొదలగు సంస్థల శాస్త్రజ్ఞులు కర్నూలు జిల్లాలో మెదడువాపు వ్యాధి దోమలకును వాతావరణమునకును గల సంబంధమును పరిశీలించి 2010లో ప్రకటించిరి. పొరుగున కోలారులో లభించిన వైరస్‌నుండియే 2013లో హైదరాబాదున మెదడువాపు టీకా సిద్ధమయ్యెను. గ్రామమున జ్వరము వచ్చినపుడు రక్తపరీక్షకు పోవుట రోగికి మేలు, శాస్త్రమునకును మేలు.

పంచాయతీ చేయవలసినది

రాజ్యాంగము 11వ షెడ్యూలు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము ఉన్నవి. కావున ఈ క్రింది పనులను మందుకై వేచియుండక చేయవలెను.

1. ఏడిస్ దోమ గ్రుడ్లు నీటి అంచున గాబు గోడకు అంటుకొని, ఎండినను నెలల తరబడి బ్రతికియుండును. కావున నీరు ఒంపుట చాలదు. గోడలను పీచుతో గట్టిగా తోమవలెను. గ్రుడ్డు దోమ అగుటకు వారము పదిదినములు పట్టును గనుక వారమునకొకసారి తోమినచో చాలును.

2. నీటి కొరత గల గ్రామములలో నిండు గాబును పారబోయుమనుట న్యాయము కాదు. కొళాయి వచ్చు నాడు, గాబు అడుగంటియుండగా, క్రొత్తనీరు పట్టుటకు ముందే తోమవలెను. ఈ సంగతిని ముందునాడే దండోరా వేయించవలెను. మిగిలిన దినములలో గాబు మూతికి గుడ్డ కట్టవలెను.

3. ఈ దోమ పగటిపూట కుట్టును. చీకటి మూలల విశ్రమించును. మగ్గము గుంటలను శుభ్రముగ ఉంచి, సందులలోని టైర్లను, పగిలిన కుండలను తొలగించవలెను.

4. వలస కూలికి పోయి జ్వరముతో తిరిగివచ్చినవారిని ఆశా కార్యకర్తద్వారా వెంటనే ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. పగలు కూడ వారిని దోమతెరలో ఉంచవలెను.

5. జ్వరమునకు వైద్యుడు చెప్పిన మోతాదున పారాసిటమాల్ మాత్రమే వాడవలెను. ఆస్పిరిన్, డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ మాత్రలు రక్తస్రావమును కలిగింపవచ్చును. జ్వరము తగ్గు సమయమే అపాయకాలము. కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావము, మిక్కిలి నీరసము కనబడినచో క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

కంప్యూటరు ఒకనాటికి మందును చూపవచ్చును. కాని గాబులోని దోమపిల్లను అది తొలగింపజాలదు. ఆ పని గ్రామమునదే, దానిని నడిపించు బాధ్యత పంచాయతీదే.

పంచాయతీ సమావేశమున చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామమున ఎన్ని దినములకొకసారి కొళాయి వచ్చుచున్నది? ఆ దినమును తోముడు దినముగ ఏర్పాటు చేయుట యెట్లు?
2. గత వర్షకాలమున జ్వరము వచ్చినవారిలో ఎందరు రక్తపరీక్ష చేయించుకొనిరి?
3. మందు వార్తలలో ఎంపికకును రుజువునకును గల భేదమును గ్రామస్థులకు తెలియజేయుట యెట్లు?