ముదరా కోసము చేరువారిని ఎట్లు చేర్చుకొనవలెను?



సోనేపూర్ తీరము మొదలు బరంపురము వరకు నివసించు మన తెలుగు నేత కుటుంబములలో, మగ్గమున్న ఇల్లు నేడు దుకాణము కూడ కావలసి వచ్చినది. షావుకారుకు చీర ఇచ్చి కూలి తెచ్చుకొన్నంత మాత్రమున గడవని కుటుంబములు, ఫోనులో చీరల బొమ్మలు పంపి, తెలిసిన స్త్రీల ద్వారా నేరుగా అమ్మకము సాగించుచున్నవి. ఇట్లు మన చీరలను తాము కొని, తమ వీధిలోను బంధువులలోను అమ్మిపెట్టు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుట వాడుకలోనికి వచ్చినది.

చేరుమని అడుగగానే చాలమంది వేయు మొదటి ప్రశ్న ఒక్కటే: "చేరితే నాకెంత తగ్గిస్తారు?" ఈ ప్రశ్న విని కొందరు చిన్నబుచ్చుకొందురు. "ఈమె అమ్మదు, ముదరాకే వచ్చినది" అని వదలివేయుదురు. మరి కొందరు, ఎట్లయినను ఆమెచేత అమ్మించవలెనని వెంటపడుదురు. రెండును తప్పే. ముదరా కోసము చేరిన సభ్యురాలు మనకు నమ్మకమైన కొనుగోలుదారు. ఆమెను కొనుగోలుదారుగానే గౌరవించి, ఆమెకిచ్చు ముదరా నేతకూలి నుండి పోకుండ చూచుకొనుటయే ఈ పాఠములోని ముఖ్య విషయము.

1. ముదరా కోరుట నేరము కాదు

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 1844లో 28 మంది పనివారు తలకొక పౌను చొప్పున 28 పౌనులు పోగుచేసి, ఆ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన టోడ్ లేన్ అను వీధిలో చిన్న దుకాణము తెరచిరి. వారిలో పలువురు ఉన్ని బట్టలు నేయు నేతపనివారు. దుకాణములో ఉన్న సరుకు వెన్న, పంచదార, పిండి, కొవ్వొత్తులు వంటి కొద్దిపాటివి మాత్రమే. వారు సరుకును బజారు ధరకే అమ్మి, ఖర్చులు పోను మిగిలిన లాభమును, ఎవరెంత కొన్నారో ఆ లెక్క ప్రకారము సభ్యులకు తిరిగి పంచిరి. ఆ పంపకము కోసమే చేరినవారు ఎందరో. వారిని ఎవరును తక్కువగా చూడలేదు. 1855 నాటికి సభ్యులు వేయికి మించిరి. నేడు లోకమంతట ఉన్న సహకార దుకాణములకు ఆ పద్ధతియే మార్గము చూపినది.

ఇందులో మనము నేర్చుకొనవలసినవి రెండు. మొదటిది, తగ్గింపు కోరి వచ్చిన మనిషి సంఘమునకు బలమే. రెండవది, పంచినది అమ్మకములో మిగిలిన లాభమే. కొత్తగా చేరినవారి వద్ద వసూలు చేసి పాతవారికి పంచలేదు.

మన దేశములో చేనేత సహకార దుకాణములు పండుగ రోజులలో రిబేటు ఇచ్చుట మనకు తెలిసినదే. గంజాం మద్రాసు రాజధానిలో ఉన్న కాలముననే, 1935లో, మద్రాసు చేనేత సహకార సంఘము ఏర్పడినది. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒరిస్సాలో చేరినది. 1956లో ఒరిస్సాకు బయనికా అను చేనేత సహకార సంస్థ వచ్చినది. ఇట్టి దుకాణములలో రిబేటు రోజులలో నిలువ చోటుండదు. రిబేటు ముగిసిన మరునాడు గుమాస్తా ఒక్కడే కనబడును. కొనువారు ఆ నాలుగు రోజుల కోసము కాచుకొని కూర్చుందురు. కాబట్టి మనవంటి చిన్న ఇండ్లకు పండుగనాటి పెద్ద ముదరా కంటె, సభ్యురాలికి సంవత్సరము పొడవునా దొరకు చిన్న ముదరాయే మేలు. మగ్గము పన్నెండు నెలలు ఆడవలెను గదా!

2. ముందు లెక్క, తరువాత మాట

ఎంత ముదరా ఇవ్వగలమో కాగితముపై వేసి చూచుకొననిదే ఎవరినీ పిలువరాదు. ఉదాహరణకు ఒక పట్టుచీర లెక్క చూడుడు. ఈ అంకెలు పాఠము కోసము వేసినవి. మీ చీరకు మీ అంకెలు వేసికొనుడు.

పట్టు, జరీ, రంగు: రూ. 2,400. ఆసు, పడుగు పనులతో సహా నేతకూలి: రూ. 2,000. మొత్తము రూ. 4,400. అమ్మకపు ధర రూ. 5,500. తేడా రూ. 1,100. ఇందులో పంపకము ఖర్చు, చెడిపోయిన సరుకు క్రింద రూ. 150 తీసివేయగా మిగిలినది రూ. 950.

నూటికి 10 వంతున ముదరా ఇచ్చినచో రూ. 550 పోయి, మనకు రూ. 400 మిగులును. నూటికి 15 అయినచో రూ. 825 పోయి రూ. 125 మాత్రమే మిగులును. ఇంక గొలుసు పద్ధతి చూడుడు. కొన్న ఆమెకు 10, ఆమెను చేర్చిన ఆమెకు 5, ఆ చేర్చిన ఆమెను చేర్చిన ఆమెకు మరి 5 వంతున ఇచ్చినచో మొత్తము 20 వంతులు, అనగా రూ. 1,100. మన చేతనున్నది 950. తక్కువపడిన 150 రూపాయలు ఎవరివి? నేతకూలిలోనివి. మగ్గము గుంటలో కూర్చున్న మనిషి కష్టము తీసి, మగ్గము చూడని మనిషికి ఇచ్చుటయే ఇది. అందుచేత ముదరా ఒక్క మెట్టుతో ఆగవలెను.

ముదరాను రెండు భాగములుగా ఇచ్చుట మంచిది. నూటికి 5 కొన్నప్పుడే తగ్గించవలెను. మిగిలిన 5 ఆమె ఖాతాలో వ్రాసి దీపావళికి ఇవ్వవలెను. సంవత్సరములో నాలుగు చీరలు, అనగా రూ. 22,000 సరుకు కొన్న సభ్యురాలికి పండుగనాడు రూ. 1,100 చేతికి వచ్చును. ఇది రాచ్‌డేల్ పద్ధతియే. ఆ డబ్బు తీసికొనుటకు వచ్చిన మనిషి కొత్త చీరలు చూడక వెళ్లదు.

3. అడుగు పద్ధతి

ముదరా మీద ఆశతో చేరు మనిషికి సంపాదన ఆశ చూపరాదు. ఆమె అడిగినదేదో దానికే జవాబు చెప్పవలెను. ఇట్లు చెప్పవచ్చును:

"పిన్నీ, నీకు ఏటా మూడు నాలుగు చీరలు ఎలాగూ కావాలి కదా. మా దగ్గర తీసుకుంటే పదో వంతు ముదరా వస్తుంది. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. అమ్మాలన్న బలవంతం లేదు. ఎవరైనా చీర బాగుందని అడిగితే మాత్రం మా ఇల్లు చెప్పు."

ఇంత మాత్రము చాలును. "నీవు పదిమందిని చేర్చితివా, ఇంట కూర్చొని వేలు వచ్చును" అను మాట మన నోట రాకూడదు. అట్టి మాటకు చేరినవారు ఆరు నెలలలో చుట్టరికము కూడ తెంచుకొని పోవుదురు.

చేర్చుకొన్నప్పుడు ఈ షరతులు ఒక కాగితముపై తెలుగులో వ్రాసి ఇవ్వవలెను:

(అ) ప్రవేశ రుసుము లేదు. ఇన్ని చీరలు తప్పక కొనవలెనను నిర్బంధము లేదు.

(ఆ) ముదరా సొంత వాడుకకు, ఇంటివారికి మాత్రమే. సంవత్సరమునకు ఇన్ని చీరలని, ఆరో ఎనిమిదో, హద్దు పెట్టవలెను. హద్దు లేనిచో ఆమె ముదరా ధరకే వీధి అంతటికి ఇప్పించును. అమ్మకమే బ్రతుకుగా పెట్టుకొన్న మరొక సభ్యురాలికి బేరము చెడును.

(ఇ) అరువుకు ముదరా లేదు. రొక్కమునకే ముదరా.

(ఈ) కట్టని చీరను, మడత చెడకుండ, ఇన్ని రోజులలో తిరిగి ఇచ్చినచో డబ్బు వాపసు.

(ఉ) అందరికీ ఒకే ముదరా. వదినగారికి ఒకటి, పొరుగామెకు ఒకటి అనరాదు. ఈ సంగతి దాగదు. తెలిసిననాడు ఇద్దరును పోవుదురు.

4. సభ్యురాలికి నేర్పవలసినది సరుకు సంగతి

ఆమె అమ్మకపోయినను, మన చీర కట్టుకొని పెండ్లికి పోవును. అక్కడ నలుగురు అడుగుదురు. అప్పుడు ఆమె చెప్పు మాట నిజమై ఉండవలెను. కావున చీరతోపాటు నాలుగు మాటలు నేర్పి పంపవలెను. బరంపురము పట్టుకు ఫోడా కుంభము అంచు పేరు తెచ్చినది. ఆ పట్టుకు భౌగోళిక గుర్తింపు కూడ ఉన్నది. అదే విధముగా, బజారులో "సోనేపురి" అని పిలుచు బొంకాయి చీరకు పేరిచ్చిన ఊరు మన గంజాం జిల్లాలోనిదే. కాని ఆ సోనేపూర్ పశ్చిమ ఒడిశాలో మహానది ఒడ్డుననున్న పట్టణము, మన సముద్రతీరపు సోనేపూర్ కాదు. ఒకే పేరు గదా అని మన నేతను ఆ పేరుతో అమ్మినచో అది కొనువారిని మోసగించుటయే అగును. స్వచ్ఛమైన పట్టుకు సిల్కు మార్కు, చేనేతకు 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు ఎట్లుండునో కూడ ఆమెకు చూపవలెను.

ఇంత తెలిసిన సభ్యురాలు ఒక్క చీర అమ్మకపోయినను మన మగ్గమునకు సాక్షి.

5. చట్టము ఏమనుచున్నది?

మనుషులను చేర్చినందుకు డబ్బు వచ్చు పథకములను 1978 నాటి ప్రైజు చిట్లు, ధన పరిభ్రమణ పథకముల నిషేధ చట్టము నిషేధించినది. దానికి మూడు సంవత్సరముల వరకు జైలుశిక్ష పడవచ్చును. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో ఆమ్వే సంస్థ వేసిన వ్యాజ్యములో, ఆ సంస్థ నాటి పథకము ఈ చట్టము క్రిందికి వచ్చునని తీర్పు చెప్పినది. తరువాత 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము నేరు అమ్మకముల నిబంధనలు తెచ్చినది. వాటి ప్రకారము చేరువారి వద్ద ప్రవేశ రుసుము తీసికొనరాదు. గొలుసు పథకములు నడుపరాదు. ముందుగా అనుమతి లేక, గుర్తింపు కార్డు లేక, కొనువారి ఇంటికి అమ్మకమునకు పోరాదు. ఇవి పెద్ద సంస్థలను ఉద్దేశించి వ్రాసినవైనను, ఇందులోని నీతి రెండు మగ్గముల ఇంటికి కూడ మంచిదే. బట్ట అమ్మిన డబ్బు వేరు, మనిషిని చేర్చిన డబ్బు వేరు. మొదటిదే మనది.

6. ఎవరు అమ్మకమునకు పనికివత్తురు?

ముదరాకు చేరినవారిలో కొందరు తమంతట తామే అమ్మకమునకు వత్తురు. వారిని గుర్తుపట్టుట సులభము. తన చీర కాక, చెల్లెలి కోసము రంగు అడుగును. "ఇదే అంచు ఆకుపచ్చలో ఉందా, మా పక్కింటావిడ అడిగింది" అనును. ఇట్లు రెండు మూడుసార్లు జరిగినప్పుడు మాత్రమే ఆమెను కూర్చోబెట్టి అడుగవలెను: "అక్కా, నువ్వు ఎలాగూ చెబుతున్నావు. అమ్మినదానికి కమీషను తీసుకుంటావా?" ఒప్పుకొన్నచో మొదట రెండు చీరలు ఇచ్చి చూడవలెను. అమ్ముడుపోనివి వెనుకకు తీసికొనవలెను. ఒప్పుకొననిచో ఆ మాట మరల ఎత్తరాదు. ఆమె ఎప్పటివలె ముదరా సభ్యురాలే. దీపావళి డబ్బు ఎప్పటివలె ఆమెకు అందవలెను.

ఇంటిలో కూర్చొని ఆలోచించుటకు ప్రశ్నలు

ఒకటి: మన ఇంట నేసిన ఒక చీరకు సరుకు ఎంత, కూలి ఎంత, మిగులు ఎంత? నేసినవారికి, ఆసు పోసిన స్త్రీకి కూలి వ్రాసితిమా, లేక ఇంటివారే గదా అని వదలితిమా?

రెండు: ఆ మిగులులో ఎంత ముదరా ఇచ్చినను నేతకూలికి లోటు రాదు?

మూడు: ఇదివరకు చేరి మానినవారు ఎవరు? వారికి మనము చెప్పిన మాట ఏది, చేసినది ఏది?

నాలుగు: పోయిన సంవత్సరము మన వద్ద రెండుసార్లు కొన్నవారి పేర్లు ఎన్ని? ముందు వారినే అడుగుడు. కొత్త ముఖములను వెదకుట తరువాతి పని.

మొదటి ప్రశ్నకు లెక్క వ్రాయనిదే రెండవదానికి పోవద్దు. లెక్క తెలిసిన ఇంట ముదరా వ్యాపారమును పెంచును; తెలియని ఇంట అదే ముదరా మగ్గమును తినివేయును.