సంప్రదాయ నాయకత్వం - ప్రజాస్వామ్య ఎన్నికలు

ప్రజాస్వామ్యంలో అధికారానికి మూలం ప్రజల సమ్మతి. సంప్రదాయ సమాజంలో అధికారానికి మూలం వంశం, ఆచారం, పెద్దరికం. రాజ్యాంగం అమలులోకి వచ్చినంత మాత్రాన మొదటిది నెలకొని రెండవది తొలగిపోదు. అనేక దేశాలలో ఈ రెండూ ఒకే ఊరిలో, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషి మనస్సులో కలసి నివసిస్తున్నాయి. వాటి మధ్య గల పొత్తూ, పోరూ ఎన్నికల వేళ స్పష్టంగా బయటపడతాయి.

తరగతిలో ఈ విషయం ప్రస్తావనకు వచ్చినప్పుడు ఒక విద్యార్థి లేచి, "మా ఊళ్ళో పెద్దలు ఎవరికి వేయమంటే అందరూ వారికే వేస్తారు. అదీ ఓటే కదా సార్, అందులో తప్పేముంది?" అని అడిగాడు. ఆనాడు మేము రెండు మాటలు చెప్పి పాఠంలోకి వెళ్ళిపోయాము. ఆ ప్రశ్నకు అంతకంటె మెరుగైన సమాధానం ఇవ్వవలసిన బాధ్యత మాపై ఉన్నదని తోచి ఈ వ్యాసానికి పూనుకున్నాము.

మొదట ఆఫ్రికా ఖండాన్ని పరిశీలిద్దాము. బ్రిటిష్ వారు తమ వలస దేశాలలో చాలాచోట్ల తెగ నాయకుల ద్వారానే పాలన సాగించారు. స్వాతంత్ర్యం వచ్చిన పిదప ఆ నాయకుల స్థానమేమిటన్న సమస్య ప్రతి కొత్త ప్రభుత్వానికీ ఎదురైంది. 1957లో స్వతంత్రమైన ఘనా దేశం ఇందుకు ఒక పరిష్కారాన్ని తన 1992 రాజ్యాంగంలో పొందుపరచింది. అది నాయక వ్యవస్థను గుర్తించి దానికి రక్షణ కల్పించింది. జాతీయ స్థాయిలో వారికొక సభను ఏర్పరచింది. కాని 276వ అధికరణం ప్రకారం నాయకుడు క్రియాశీల పార్టీ రాజకీయాలలో పాల్గొనరాదు. పార్లమెంటుకు పోటీ చేయదలచినవాడు ముందుగా తన పీఠాన్ని వదులుకోవాలి. ఆ దేశపు దక్షిణ ప్రాంతాలలో నాయకుని అధికారానికి చిహ్నం పీట. ఉత్తర ప్రాంతాలలో జంతుచర్మం. పీటనో, చర్మాన్నో విడిచిన తరువాతనే ఓటు అడగాలన్నది అక్కడి నియమం.

ఈ నియమంలోని ఔచిత్యం గమనింపదగినది. అక్కడ తెగల ఉమ్మడి భూములకు నాయకుడు ధర్మకర్త. ఊరి తగవులు అతని ముందుకే వస్తాయి. అటువంటివాడు ఒక పార్టీ జెండా పట్టుకుంటే, వేరొక పార్టీని అభిమానించే రైతు న్యాయం కోసం ఏ గడప తొక్కాలి? అయితే చట్టం పోటీని ఆపగలిగినంతగా పలుకుబడిని ఆపలేదు. ఎన్నికలకు ముందు అభ్యర్థులు నాయకుల కొలువులకు వెళ్ళి ఆశీస్సులు కోరడం ఘనాలో పరిపాటి. ఆశీర్వచనం ఎక్కడ ముగుస్తుందో, ప్రచారం ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించడం సులభం కాదు.

బోట్స్వానా చరిత్ర మరొక కోణాన్ని చూపుతుంది. ఆ దేశ ప్రథమ అధ్యక్షుడు సెరెట్సే ఖామా బంగ్వాటో తెగ నాయకత్వానికి వారసుడు. 1956లో ఆ హక్కును వదులుకొని, 1962లో పార్టీ స్థాపించి, 1966లో అధ్యక్షుడయ్యాడు. 1969లో బంగ్వాకెట్సే తెగ నాయకుడు రెండవ బథోయెన్ కూడ పీఠం దిగి ఎన్నికలలో పోటీ చేసి, సాక్షాత్తు ఉపాధ్యక్షుడైన క్వెట్ మసీరేను ఓడించాడు. పీఠం వదిలినా పలుకుబడి వెంటనే పోదని ఇది నిరూపిస్తున్నది. ఆ పలుకుబడికి ఎల్లలున్నాయని చెప్పే ఉదాహరణ కూడ అక్కడే ఉన్నది. సెరెట్సే కుమారుడు ఇయాన్ ఖామా 1979లో తెగ నాయకుడుగా అభిషిక్తుడై, 2008 నుండి 2018 వరకు దేశాధ్యక్షుడుగా ఉన్నాడు. తరువాత తన తండ్రి స్థాపించిన పార్టీని విడిచి, 2019 ఎన్నికలలో ఒక కొత్త పార్టీని బలపరచాడు. ఆ పార్టీ గెలిచిన స్థానాలు మూడు. ఆ మూడూ అతని తెగకు కేంద్రమైన సెరోవే ప్రాంతంలోనివే. తెగ ఎల్ల దాటగానే ఆ మాట చెల్లలేదు.

ఇక మన తెలుగునాట ఇటువంటి ఘట్టాలకు కొదువ లేదు. జమీందారులను ఆఫ్రికా తెగ నాయకులతో పూర్తిగా పోల్చలేము గాని, వంశపారంపర్యమైన పెద్దరికం ఇద్దరికీ సమానమే. బొబ్బిలి రాజా రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు జస్టిస్ పార్టీ నాయకుడుగా మద్రాసు రాష్ట్ర ప్రధాని పదవి నిర్వహించారు. 1937 ఎన్నికలలో ఆయన తన సొంత గడ్డ బొబ్బిలిలోనే కాంగ్రెసు అభ్యర్థి వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఆనాడు ఓటు హక్కు ఆస్తి, పన్ను వంటి అర్హతలున్న కొందరికే పరిమితం. ఆ కొందరైనా కోట వైపు చూసి ఓటు వేయకపోవడం చరిత్రలో ఒక మలుపు. దీనికి భిన్నంగా విజయనగర రాజవంశీయులు పి.వి.జి. రాజు సోషలిస్టుగా ప్రజల ముందుకు వచ్చి శాసనసభకు, లోక్‌సభకు ఎన్నికైనారు, మంత్రిగా పనిచేశారు, 1958లో విద్యాసంస్థల కొరకు ట్రస్టును నెలకొల్పారు. ప్రజలు ఓటు వేసినది వంశానికా, సిద్ధాంతానికా, సేవకా అని విడదీసి చెప్పడం కష్టం. కాని ఓటు అడగడానికి ఆయన ప్రజల వద్దకు రావలసి వచ్చినది. ఐదేండ్లకొకసారి అయినా రాజు గడప దాటి రైతు ముందు నిలవడం ప్రజాస్వామ్యం సాధించిన చిన్న విజయం కాదు.

కనుక పోటీ చేసే నాయకునితో ప్రజాస్వామ్యానికి ముప్పు తక్కువ. అతని పేరు ఓటుపత్రంపై ఉంటుంది; అతనిని ఓడించవచ్చు. పోటీ చేయకుండా, ఎవరికీ జవాబుదారీ కాకుండా, ఊరి ఓట్లన్నీ గంపగుత్తగా ఒకరికి అప్పగించే పెద్దరికమే అసలు ముప్పు. దానిని ఓడించే ఎన్నిక ఏదీ లేదు.

సంస్థానాలు పోయినవి. జమీందారీలు పోయినవి. కరణం, మునసబు, పటేలు, పట్వారీ వంటి వంశపారంపర్య గ్రామాధికారాలు కూడ 1984లో రద్దయినవి. అయినా కులపెద్దలు, మతపెద్దలు, ఊరిపెద్దలు మిగిలే ఉన్నారు. పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు రచ్చబండ వద్ద నలుగురు కూర్చొని సర్పంచ్ పదవిని 'ఏకగ్రీవం' చేయడం మనము ఎరిగినదే. మనస్ఫూర్తిగా కుదిరిన ఏకగ్రీవం ఊరికి మేలే. కాని గుడికో, మసీదుకో, బడికో ఇంత సొమ్ము ఇస్తానన్నవానికి పదవిని పాడుకోనిస్తే, అక్కడ వేలం జరిగినదే గాని ఎన్నిక జరగలేదు.

మన చట్టం ఈ ప్రమాదాన్ని ముందే ఊహించినది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం ఓటరును సాంఘిక బహిష్కారం చేస్తామని గాని, కులం నుండి వెలివేస్తామని గాని బెదిరించడం ఎన్నికల అక్రమం. ఓటు రహస్యంగా ఉండాలన్న నియమానికి కారణం కూడ ఇదే. పెద్దల మాట వినేవానికి రహస్యంతో పని లేదు. కాదనదలచినవానికే దాని అవసరం.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వద్దాము. పెద్దల సలహా విని ఓటు వేయడం తప్పు కాదు. అనుభవం గలవారిని సంప్రదించడం మన సంస్కృతి. అయితే అది సలహాయా, ఆజ్ఞయా అని తెలుసుకోవడానికి ఒక గీటురాయి ఉన్నది. ఆ మాట కాదన్నవానికి మరునాడు ఏమి జరుగుతుంది? అతని పొలానికి నీరు యథాప్రకారం వచ్చి, కౌలు నిలిచి, పెండ్లికి పిలుపు అంది, పంచాయతీలో అతని ఫిర్యాదు వినబడితే అది సలహా. వాటిలో ఏ ఒక్కటి ఆగినా అది ఆజ్ఞ. ఆజ్ఞకు లోబడి వేసినది ఓటరు వేలితో మరొకరు వేసిన ఓటు.

విద్యార్థి మిత్రులారా, 1989 నుండి మన దేశంలో పదునెనిమిది ఏండ్లకే ఓటు హక్కు లభిస్తున్నది. మీలో పలువురు త్వరలోనే మొదటిసారి ఓటు వేయబోతున్నారు. మీ ఇంటి పెద్దలను, ఊరి పెద్దలను గౌరవించండి. వారి మాట శ్రద్ధగా వినండి. పోలింగు గదిలో తెర వెనుకకు మాత్రం ఒంటరిగా వెళ్ళండి. రేపు మీరే పెద్దలైననాడు, మీ మాట కాదని ఓటు వేసినవాని ఇంటి శుభకార్యానికి ముందుగా వెళ్ళి కూర్చోండి.