తాళం కంటే ముందు పాలసీ

చిరంజీవి అమ్మడికి,



విజయవాడలో కారు చూశావనీ, శనివారం డబ్బు కట్టి ఆదివారం పొద్దున్నే నువ్వే నడుపుకుంటూ హైదరాబాదు తెచ్చుకుంటావనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. “ఇన్సూరెన్సు ఇంకా నాలుగు నెలలుంది, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు” అని అమ్మేవాళ్ళు అన్నారట. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం. మోటారు క్లెయిముల విభాగంలో ఉద్యోగం చేసినంత కాలం, ఆ మాట నమ్మి నష్టపోయినవాళ్ళని చూస్తూనే వచ్చాను.

అందులో సగం నిజం ఉంది. అందుకే జనం నమ్ముతారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేని బండి రోడ్డెక్కకూడదు. మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అదే చట్టం 157వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. బండి చేతులు మారితే, అమ్మినవాళ్ళ పాలసీలోని థర్డ్ పార్టీ రక్షణ కొన్నవాళ్ళకి దానంతటదే వచ్చేసినట్టు లెక్క. కొన్నవాళ్ళు 14 రోజుల్లోగా కంపెనీకి అర్జీ పెట్టి పేరు మార్పించుకోవాలి. నందిగామ దగ్గరో కోదాడ దగ్గరో నీ బండి ఎవరికైనా తగిలిందనుకో, “కారు నిన్ననే చేతులు మారింది, మాకు సంబంధం లేదు” అని కంపెనీ తప్పించుకుంటే ఆ కుటుంబం గతేమిటి? ఆ వెసులుబాటు రోడ్డు మీద నడిచే మనిషి కోసం పెట్టింది. చాలా మంచి నిబంధన.

నీ కారుకి జరిగే నష్టం సంగతి వేరు. దాన్ని ఓన్ డ్యామేజీ అంటారు. అది నీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. అమ్మినాయన చేసుకున్న ఒప్పందం నువ్వు డబ్బిచ్చినంత మాత్రాన నీదైపోదు. కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు తొంభైల్లోనే ఈ సంగతి తేల్చి చెప్పింది. ఒక కేసు చెప్తాను. ఒకాయన కారు కొని, ఆర్సీ తన పేరు మీదికి మార్పించుకున్నాడు గానీ పాలసీ జోలికి పోలేదు. సూర్యాపేట దాటాక డివైడర్‌కి కొట్టాడు. మనిషికి ఏమీ కాలేదు, బండి ముందుభాగం మొత్తం పోయింది. షెడ్డు వాళ్ళు ఎస్టిమేట్ వేశారు, సర్వేయర్ వచ్చి ఫోటోలు తీసుకున్నాడు, క్లెయిము ఫారం నింపారు. చివరికి ఫైలు మీద తేలింది ఒకటే: పాలసీ ఉన్నాయనకి బండి లేదు, బండి ఉన్నాయనకి పాలసీ లేదు. ఒక్క రూపాయి రాలేదు. అప్పటికి ఆ పాలసీకి ఇంకా గడువుంది.

యజమానే నడిపితే వర్తించే పర్సనల్ యాక్సిడెంట్ కవరు కూడా అంతే. 15 లక్షల రూపాయల కవరు అది. పాలసీలో ఎవరి పేరుంటే వాళ్ళకే. ఆదివారం స్టీరింగ్ దగ్గర కూర్చునేది నువ్వు, కాగితం మీద పేరు ఆయనది. నాకు బెంగ అక్కడే.

“నాలుగు నెలలుంది” అన్నది ఎంతవరకు నిజమో ముందు నువ్వే చూడు. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే బీమా గడువు తేదీ కనిపిస్తుంది. కానీ అది థర్డ్ పార్టీ తేదీ కావచ్చు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఓన్ డ్యామేజీ చాలామందికి ఏడాదికే ఉంటుంది, రెన్యువల్ మరిచిపోతారు. థర్డ్ పార్టీ బతికే ఉంటుంది, రెండోది చచ్చిపోయి ఉంటుంది, యాప్‌లో మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది. అందుకని పాలసీ పీడీఎఫ్ మొత్తం అడిగి తెప్పించుకో. మొదటి పేజీలో రెండు గడువులూ విడివిడిగా రాసి ఉంటాయి. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోల్చు. కారు లోను మీద తీసుకున్నదయితే హైపోతికేషన్ ఎవరి పేరున ఉందో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు ఏం చెయ్యాలి? శనివారం డబ్బు కట్టకు. శుక్రవారం సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళు. అమ్మే ఆయన్ని వెంటబెట్టుకుని ఆ బీమా కంపెనీ బ్రాంచికి పో. ఇద్దరి సంతకాలు ఉన్న ఫారం 29, ఫారం 30, ఆర్సీ కాపీ, పాత పాలసీ, పాలసీ నీ పేరు మీదికి మార్చడానికి అభ్యంతరం లేదని ఆయన రాసిచ్చిన ఉత్తరం, నీ ఆధార్, పాన్, లైసెన్సు, అన్నీ పట్టుకెళ్ళు. అర్జీ ఇచ్చి, అదే ఈ-మెయిల్లో కూడా పంపు. తేదీ, టైము రికార్డులో ఉంటాయి. కొన్ని కంపెనీలు ఈ కాగితాలతోనే పేరు మారుస్తాయి, కొన్ని ఆర్సీ మారాకే రమ్మంటాయి. ఆ కంపెనీ పద్ధతేమిటో గురువారమే ఫోను చేసి కనుక్కో. ఆర్సీ మారందే కుదరదంటే మాత్రం బండి నువ్వు నడపొద్దు. కార్ల క్యారియర్ మీద వేయించు. ఖర్చవుతుంది, అవనీ.

నో క్లెయిమ్ బోనస్ దగ్గర చాలామంది చిక్కుల్లో పడతారు. ఏళ్ళ తరబడి క్లెయిము లేకుండా నడిపినందుకు ఆయనకి ప్రీమియంలో 20 శాతం నుంచి 50 శాతం దాకా తగ్గింపు వచ్చి ఉంటుంది. అది బండికి ఇచ్చింది కాదు, మనిషికి ఇచ్చింది. పేరు మారేటప్పుడు మిగిలిన నెలలకి ఆ తేడా నువ్వు కట్టాలి. ఆయన తన బోనస్‌ని కంపెనీ ఇచ్చే ఉత్తరంతో మూడేళ్ళ లోపు ఇంకో కారుకి వాడుకోవచ్చు. “తేడా కట్టడం దేనికి మేడమ్, బోనస్ అలాగే ఉండనిద్దాం” అని ఎవరైనా ఏజెంటు అంటే ఒప్పుకోకు. క్లెయిము వచ్చిన రోజున పాత చరిత్ర తవ్వుతారు. అబద్ధం చెప్పి తగ్గింపు తీసుకున్నావని తేలితే మిగిలిన డబ్బుకి పది రెట్లు పోతుంది.

ఒకవేళ చూడబోతే పాలసీ అసలు లేనే లేదనుకో. అప్పుడూ కంగారు పడక్కర్లేదు. థర్డ్ పార్టీ పాలసీకి సాధారణంగా బండి తనిఖీ అడగరు, గంటలో వచ్చేస్తుంది. 1000 నుంచి 1500 సీసీ మధ్య ప్రైవేటు కారుకి 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం ఏడాదికి 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. ఈ రేటు ప్రభుత్వం నిర్ణయించేది, ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే, బేరం ఉండదు. ఓన్ డ్యామేజీకి మాత్రం తెగిపోయిన పాలసీ అయితే బండి చూడందే ఇవ్వరు. ఇప్పుడు ఫోనుకి లింకు వస్తుంది, వీడియో నువ్వే తియ్యొచ్చు. పగటి వెలుతురులో, బండి కడిగించాక తియ్యి. ముందు నంబరు ప్లేటు, బానెట్ ఎత్తి ఇంజను, ఛాసిస్ నంబరు చెక్కిన చోటు అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా, తర్వాత నాలుగు మూలలూ, ముందు అద్దం లోపలి నుంచీ బయటి నుంచీ, ఇంజను ఆన్ చేసి మీటరు. డోరు మీద సొట్ట ఉంటే దాచకు. అది ముందే ఉన్నదని రాసుకుంటారు, దానికి తర్వాత క్లెయిము రాదు, అంతే. వీడియో పాసయ్యాక వాళ్ళు చెప్పిన గడువులో డబ్బు కట్టకపోతే మళ్ళీ మొదటి నుంచి తియ్యాలి.

డబ్బు కట్టాక పాలసీలో మొదలయ్యే తేదీ పక్కన టైము కూడా చూడు. సాయంత్రం నాలుగింటికి మొదలని రాసి ఉంటే, మధ్యాహ్నం రెండింటికి జరిగిన ప్రమాదానికి ఆ పాలసీ వర్తించదు. సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చాలా పాలసీలు మర్నాడు అర్ధరాత్రి నుంచి మొదలవుతాయి. ఆ టైము వచ్చేదాకా బండి కదలకూడదు. ప్రీమియం కంపెనీకి చేరందే బాధ్యత మొదలు కాదని 1938 బీమా చట్టం 64వీబీ సెక్షన్ చెప్తుంది. కాబట్టి ఏజెంటు ఫోన్‌పేకి పంపకు, కంపెనీకే నేరుగా కట్టి రసీదు తీసుకో.

విజయవాడ బండి గనక ఇంకొకటి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు అక్కడ ఎన్ని కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయో నీకు తెలుసు. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చూడు, చివర మట్టి చారలున్నాయా? కార్పెట్ ఎత్తి వాసన చూడు, సీటు పట్టాల మీద తుప్పుందా? పాత క్లెయిములు ఏమున్నాయని ఆయన్నే కంపెనీకి రాసి అడగమను. ఇక ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టే విలువ, తగ్గిస్తే ప్రీమియం తగ్గుతుందని చూపిస్తారు. ఒప్పుకోకు, బండి పోయిన రోజున నీకు వచ్చేది ఆ లెక్కే.

ఇక ఆర్సీ. కారు ఆంధ్రది, నువ్వుండేది తెలంగాణలో. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్వోసీ తెచ్చుకుని, ఇక్కడ 30 రోజుల్లో నీ పేరున మార్పించుకోవాలి. ఆయన బద్ధకిస్తే 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు సంగతి చెప్పు. బండి ఎన్ని చేతులు మారినా, ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, నష్టపరిహారం కట్టాల్సింది వాళ్ళే. అది విన్నాక ఆయనే నీకంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో ఉంటాడు.

పాలసీ వచ్చాక మొదటి పేజీ ఫోటో నాకు వాట్సాప్ చెయ్యి. పేరు, ఛాసిస్ నంబరు, మొదలయ్యే టైము చూసి వెంటనే ఫోను చేస్తాను. నా ఫోను వచ్చేదాకా తాళం తీసుకోకు తల్లీ.

ఇట్లు,
పెదనాన్న