రక్షక కవాటమునకు ద్వార మెంత?

సహజవాయువు పెద్ద గొట్టములలో అధిక పీడనముతో వచ్చును. ఇండ్లకు చేరుటకు ముందు నియంత్రకము ఆ పీడనమును తగ్గించును. నియంత్రకము అదుపు తప్పినచో హెచ్చైన వాయువును బయటి గాలిలోనికి విడుచునది రక్షక కవాటము. మన ప్రెషర్ కుక్కరు మూతమీది బరువు చేయు పని యిట్టిదే.

2018 సెప్టెంబరు 13న అమెరికాలోని లారెన్సు ప్రాంతమున పాత గొట్టమును వాడుకనుండి తొలగించిరి గాని, పీడనము కొలుచు సన్నని గొట్టములను దానికే తగిలించి యుంచిరి. అందు పీడనము పడిపోగా, వాయువు చాలలేదన్నట్లు నియంత్రకము పూర్తిగా తెరచుకొనెను. కాపలాగా నుంచిన రెండవదియు అట్లే చేసెను. ఒక యువకుడు మరణించెను. 131 కట్టడములు దెబ్బతిన్నవి.

కావున ఇండ్లవారి వాడకమును మాత్రము చూచి కవాటమును ఎన్నరాదని మేము చెప్పుచున్నాము. నియంత్రకము నిండుగా తెరచుకొన్నప్పుడు వచ్చు వాయువంతయు దానిగుండా పోవలెను. గంటకు 1,200 ఘనమీటర్లు వచ్చుచోట మన కవాటము 300 మాత్రమే విడువగలదనుకొందము. పీడనము మారనిచో ద్వారపు వ్యాసమును రెట్టింపు చేసిన చాలును. ఏలయన వైశాల్యము నాలుగు రెట్లగును. నాలుగింతల వ్యాసము కావలెనని తొందరపడువారు పెక్కురు! ఇక, కవాటమునుండి వెలికిపోవు గొట్టము ఇరుకైనచో అందు ఎదురు పీడనము పుట్టి, లెక్కించినంత వాయువు పోజాలదు. దాని వెడల్పును, పొడవును కూడ లెక్కలో చేర్చవలెను.