ముసలివాని మాట విన్న రాజు

పాఠ్యభాగము: 2 సమూయేలు 17:27-29, 19:31-39
కంఠస్థ వచనము: లేవీయకాండము 19:32



ఈ నెల పాఠములో రాజైన దావీదును, ఎనుబది యేండ్ల బర్జిల్లయిని చూచెదము. అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు దావీదు మహనయీమునకు పారిపోయెను. ఆకలితో అలసియున్న ఆయన జనులకు పడకలు, పాత్రలు, ధాన్యము, తేనె, వెన్న తెచ్చి యిచ్చిన వారిలో బర్జిల్లయి యొకడు. యుద్ధము ముగిసిన తరువాత రాజు ఆ మేలు మరువక, తనతోకూడ యెరూషలేమునకు రమ్మనియు, అక్కడ తానే పోషించెదననియు ఆయనను పిలిచెను.

ఆ పిలుపు మంచి మనస్సుతో పిలిచినదే. అయినను వృద్ధుడు ఒప్పుకొనలేదు. తినుదాని రుచి తెలియని, పాట వినబడని వయస్సు వచ్చినదనియు, రాజునకు భారముగా నుండుట తనకిష్టము లేదనియు చెప్పెను. తన ఊరిలో, తలిదండ్రుల సమాధియొద్ద కన్ను మూయవలెనని కోరెను. తనకు బదులుగా కింహామును తీసికొని పొమ్మనెను. తానైతే యొర్దాను దాటి కొంచెము దూరము వచ్చెదననెను.

రాజు కోపగించుకొనలేదు, బలవంతము చేయలేదు. కింహామునకు బర్జిల్లయి ఇష్టప్రకారమే చేసెదనని మాట యిచ్చి, ముసలివానిని ముద్దుపెట్టుకొని, దీవించి, ఇంటికి పంపెను.

మన సీమలో ఈ పాఠము

అన్నము పెట్టుట మన గోదావరి సీమకు క్రొత్తకాదు. లంకల గన్నవరములో డొక్కా సీతమ్మ గారు (1841-1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారులకును వండి వడ్డించిన సంగతి పిల్లలకు సైతము తెలియును. అయితే ఈనాడు కొడుకు హైదరాబాదులోను, కూతురు కువైట్‌లోను పనిచేయుచుండగా, కోనసీమలోను నరసాపురము ప్రక్కను ముసలివారు ఒంటరిగా మిగిలిన ఇండ్లు ఎన్నో యున్నవి. వారిలో కొందరు వృద్ధాశ్రమములు చేరుచున్నారు. అది సిగ్గుపడవలసిన సంగతి కాదు. కాని ఆశ్రమమున చేర్చక మునుపు వారిని అడిగితిమా? చేరిన తరువాత అడుగుచున్నామా? ఇదియే నేటి ప్రశ్న.

బర్జిల్లయి ఐశ్వర్యవంతుడు గనుక కాదనగలిగెను, దిక్కులేని విధవరాలికి ఆ మాట ఎక్కడిదని కొందరు అందురు. ఆశ్రమములో ఉచితముగా తినుచున్న అనేకులు అట్లే తలంచుచున్నారు. ఒకరి కూడు తినుచు నోరెత్తకూడదని కూర చప్పగా నున్నను చెప్పరు, కాలు నొప్పియైనను చెప్పరు. మార్కు 10:46-52 చూడుడి. బర్తిమయి త్రోవప్రక్కను కూర్చున్న భిక్షగాడు. అతనికేమి కావలెనో ప్రభువు ఎరుగును. అయినను స్వస్థపరచకమునుపు నీకేమి కావలెనని అతనినే అడిగెను. పేదవాడు నోరు తెరచి తన కోరిక చెప్పునట్లు ప్రభువు నిలిచి వినెను. కాబట్టి అడిగించుకొను హక్కు ధనికులది మాత్రమే కాదు.

1. గౌరవము

ముసలమ్మా, ఓయ్ తాతా అని కేకవేయక, పేరుపెట్టి గారు చేర్చి పిలువవలెను. స్నానము చేయించునప్పుడు తెర కట్టవలెను. గదిలోనికి పోవునప్పుడు తలుపు తట్టవలెను. వారి ఎదుటనే వారి మలమూత్రముల సంగతి ఇతరులతో చెప్పుకొనరాదు. పెద్దలను గద్దింపవద్దని పౌలు తిమోతికి వ్రాసిన మాట (1 తిమోతి 5:1) ఆశ్రమపు ఆయాలకును, ఇంటి కోడళ్లకును, కొడుకులకును వర్తించును.

2. ఇష్టము

కాఫీయా, టీయా? అన్నమా, జావయా? ఏ చీర? ఏ వేళకు స్నానము? ఇవి చిన్న సంగతులు. అయితే పొలము, ఇల్లు, పశువులు అన్నియు పోయినవారికి ఇవే మిగిలిన అధికారము. మతి తప్పినవారిని, మాట పడిపోయినవారిని ఏమి అడుగుదుమందురా? రెండు చీరలు చూపించుడి. చూపు ఏ చీర మీద నిలుచునో అదే జవాబు.

పింఛను సంగతి కూడ ఆలోచింపవలెను. మన రాష్ట్రములో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలు. ఆ సొమ్ము అవ్వ చేతిలో పడి, ఆమె ఎదుట లెక్క జరుగుచున్నదా? మనుమరాలికి పదిరూపాయలు, కానుక సంచిలో ఐదురూపాయలు తన చేతితో వేయు సంతోషము ఆమెకు మిగిలినదా?

3. స్వశక్తి

బర్జిల్లయి తాను నడువగలిగినంత దూరము నడిచెను. ముసలివారు అన్నము ఒలకబోయుదురని తొందరపడి మనమే నోట పెట్టినయెడల, కొన్ని నెలలకు ఆ చెయ్యి నిజముగానే చచ్చుబడును. వాడని కండ బలము కోల్పోవును. ఆలస్యమైనను తిననిండు. గోడకు పట్టుకొను కమ్మీ, జారని నేల, చేతికఱ్ఱ అమర్చి నడువనిండు. చిక్కుడుకాయలు ఒలుచుట, తోటకూర కోయుట, పిల్లలకు వాక్యము చెప్పుట చేయగలవారికి ఆ పని ఇయ్యుడి. పడుదురను భయముతో మంచమునకే అప్పగించుట కాపుదల కాదు.

చట్టము చెప్పునది

1991 డిసెంబరు 16న ఐక్యరాజ్యసమితి వృద్ధుల విషయమై స్వాతంత్ర్యము, పాల్గొనుట, సంరక్షణ, తమ శక్తులు వికసించుట, గౌరవము అను అయిదు అంశముల క్రింద సూత్రములను అంగీకరించెను. సంరక్షణ ఆ అయిదింటిలో ఒక్కటి మాత్రమే. మన దేశములో 2007వ సంవత్సరపు తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము కలదు. పోషించెదమను షరతుపై ఆస్తి వ్రాయించుకొని, పిమ్మట పోషింపనివారి దస్తావేజును ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చును. ఆ షరతు దస్తావేజులో స్పష్టముగా వ్రాయించుట మేలు. వేలిముద్ర వేయమని ఎవరైన తొందరపెట్టినప్పుడు మన పెద్దలు ఈ సంగతి ఎరిగియుండవలెను.

సంఘము చేయదగినది

ఆశ్రమమును దర్శించునప్పుడు పండ్లు పంచి, ఫోటో తీసికొని, గబగబ ప్రార్థన చేసి రావద్దు. ఒక్కొక్కరి ప్రక్కను కూర్చుండి, ఏమి కావలెనని అడిగి, వినుడి. ఒకరు క్రిస్మసునకు తన పేటలోని గుడికి రావలెనందురు. ఆటో మాటలాడుడి. ఒకరు కొడుకు ఇంటికంటె ఇక్కడనే నెమ్మదిగా నున్నదందురు. ఆ మాటయు గౌరవింపవలెను. ఒకరు నేడు ప్రార్థన వద్దందురు. నొచ్చుకొనక, మరియొక దినమున వచ్చెదమని చెప్పి రండి. బర్జిల్లయి కాదన్న తరువాతనే గదా దావీదు ఆయనను ముద్దుపెట్టుకొని దీవించెను!

కూటములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన యింటిలోని పెద్దవారిని గడచిన వారములో ఏ సంగతి అడిగితిమి? ఏ సంగతి అడుగకయే నిర్ణయించితిమి?
2. వారు చేయగలిగిన ఏ పనిని మనము తొందరవలన వారి చేతినుండి తీసికొంటిమి?
3. మన సంఘమునుండి ఆశ్రమములలో చేరినవారెవరు? వారి పేర్లు మనకు తెలియునా?

ప్రార్థన: తండ్రీ, పెట్టుటతోపాటు అడుగుటయు, అడిగినపిమ్మట వినుటయు మాకు నేర్పుము. తల నెరసినవారి యెదుట లేచి నిలుచు హృదయము మాకు దయచేయుము. ఆమేన్.